లింకన్ నిజంగా దేవుణ్ణి నమ్మాడా? తేల్చుకోవాలంటే ఇలా చదవండి

యుద్ధం నడిపే నాయకుడు దేవుడి పేరెత్తితే అది భక్తో, ఓట్ల లెక్కో చెప్పడం కష్టం. ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం జరిగినప్పుడు అమెరికా అధ్యక్షుడిగా ఉన్న అబ్రహాం లింకన్ విషయంలో మరీ కష్టం, ఆయన్ని భక్తుడనేవాళ్లూ నాస్తికుడనేవాళ్లూ ఆయన మాటలే చూపిస్తారు.

ముందు, చనిపోయాక పుట్టిన కథల్ని పక్కన పెట్టండి. 1865 ఏప్రిల్‌లో హత్య జరిగితే, మరుసటి ఏడాదికే హాలండ్ అనే ఆయన జీవిత చరిత్ర రాసి లింకన్‌ని నిఖార్సైన క్రైస్తవుణ్ణి చేసేశాడు, లింకన్‌తో కలిసి లా ప్రాక్టీస్ చేసిన హెర్న్‌డన్ అదంతా ఒట్టిదని కొట్టిపారేశాడు. చర్చి లెక్కలతోనూ తేలదు. వాషింగ్టన్‌లో ప్రెస్బిటేరియన్ చర్చికి వెళ్లేవాడు గానీ ఎక్కడా సభ్యుడిగా చేరలేదు.

అధికారిక ప్రకటనలు కూడా జాగ్రత్తగా చదవాలి. 1863 అక్టోబరులో వచ్చిన థాంక్స్‌గివింగ్ (దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకునే రోజు) ప్రకటన కింద సంతకం లింకన్‌ది, రాసింది మాత్రం మంత్రి సీవార్డ్.

అసలు చూడాల్సింది 1862. ఫిబ్రవరిలో పదకొండేళ్ల కొడుకు విల్లీ జ్వరంతో పోయాడు, యుద్ధం చూస్తే ఎటూ తెమలడం లేదు. లింకన్ తనకోసమే రాసుకున్న ఒక చిన్న కాగితం ఉంది, దానిమీద తేదీ లేదు, ఆ సెప్టెంబరుదని చాలామంది అంటారు. రెండు పక్షాలూ దేవుడు తమవైపే అంటున్నాయి, ఆయన ఉద్దేశం ఈ రెండింటికీ వేరే అయి ఉండొచ్చు కదా అని అందులో తర్కించుకుంటాడు. ఎవరికీ చూపించాలని రాసింది కాదు కాబట్టి నేనైతే దీనికే ఎక్కువ విలువిస్తాను.

ఇక్కడే ఒక చిక్కు. సెప్టెంబరు 22న మంత్రుల ముందు, దక్షిణాది సేనాపతి లీ సైన్యాన్ని మేరీలాండ్ నుంచి తరిమితే బానిసల విముక్తి ప్రకటిస్తానని దేవుడికి మాటిచ్చానని చెప్పాడు, ఆ మంత్రుల్లో చేజ్, వెల్స్ ఇద్దరి డైరీల్లోనూ ఈ సంగతి ఉంది. దేవుడి మనసు తెలియదని తర్కించుకున్న మనిషే మొక్కు మొక్కి, గెలుపునే జవాబుగా తీసుకున్నాడన్నమాట! ఈ రెంటినీ బలవంతంగా కలపకండి, మనిషి అలాగే ఉన్నాడు.

చివరగా ఆ కాగితాన్ని 1865 మార్చి 4న రెండోసారి అధ్యక్షుడిగా ప్రమాణం చేసినప్పటి ప్రసంగం పక్కన పెట్టి చదవండి. గెలుపు దగ్గర్లో ఉంది, దేవుడు మనవైపే అంటే జనం చప్పట్లు కొట్టేవాళ్లే. లింకన్ అలా అనలేదు. రెండు పక్షాలవాళ్లూ ఒకే బైబిల్ చదువుతారు, ఒకే దేవుణ్ణి ప్రార్థిస్తారు, ఎవరి ప్రార్థనా పూర్తిగా ఫలించలేదు అన్నాడు, బానిసత్వానికి శిక్షగా ఈ యుద్ధం ఉత్తరానికీ దక్షిణానికీ కలిపే వచ్చిందన్నాడు. చాటుగా రాసుకున్నదీ సభలో చెప్పిందీ ఇలా కలిసిన చోటే నమ్మకం నిజమనిపిస్తుంది. ఈ ప్రసంగం అందరికీ వెంటనే నచ్చదని ఆయనకీ తెలుసు, పదకొండు రోజుల తర్వాత రాజకీయ నాయకుడు వీడ్‌కు రాసిన ఉత్తరంలో ఆ మాటే ఉంది: తమ ఉద్దేశమూ దేవుడి ఉద్దేశమూ వేరని చెబితే మనుషులకి రుచించదట.