కట్టెల ఫైర్‌ప్లేస్‌ను గ్యాస్‌కు మార్చడం ఎలా?

కట్టెలు చీల్చడం, మోసుకురావడం, తెల్లారాక బూడిద ఎత్తడం. ఫైర్‌ప్లేస్ ఉన్న ఇంట్లో ఈ చాకిరీ ఎంతో చెప్పక్కర్లేదు. గ్యాస్ పెట్టించుకుంటే మీట నొక్కగానే మంట వస్తుంది. పొగ కనిపించదు. దాంతో ఇక పొగగొట్టంతో పనేముందిలే అనుకుంటారు చాలామంది. ప్రమాదం అక్కడే ఉంది. గ్యాస్ మండినా నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. గాలి చాలక సరిగ్గా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, ప్రాణం తీస్తుంది. అందుకే పని పొగగొట్టం నుంచే మొదలుపెట్టాలి.

1. పొగగొట్టం శుభ్రం చేయించండి

ఏళ్ల తరబడి కట్టెలు కాల్చిన గొట్టం లోపలి గోడలకు తారులాంటి నల్లటి పదార్థం అంటుకుని ఉంటుంది. దీన్నే క్రియోసోట్ అంటారు. దీనికి సులువుగా నిప్పంటుకుంటుంది, పైగా ఇంట్లో పాత పొగ వాసన వదలకపోవడానికి కారణం ఇదే. చిమ్నీ పని తెలిసినవాళ్లతో గీకించి, పగుళ్లు, ఊడిన ఇటుకలు, పక్షిగూళ్లు ఏమైనా ఉన్నాయేమో చూడమనండి. మీ ఫైర్‌ప్లేస్ ఇటుకలతో కట్టిందా, ఫ్యాక్టరీలో తయారైన రేకు పెట్టెనా అన్నది కూడా అప్పుడే అడగండి. రేకు పెట్టె అయితే దాని తయారీదారు అనుమతించిన పరికరాలే అందులో పెట్టాలి.

2. ఏ రకం కావాలో తేల్చుకోండి

మొదటిది, సిరామిక్ దుంగల సెట్. పాత పొయ్యిలోనే బర్నర్ పెట్టి, పైన దుంగలు పేరుస్తారు. చూడ్డానికి అచ్చం కట్టెల మంటే. కానీ వేడిలో ఎక్కువ భాగం పొగగొట్టం గుండా పైకి పోతుంది. అందం కోసమైతే ఇది చాలు, చలి తీరాలంటే చాలదు.

రెండోది ఇన్‌సర్ట్. ముందు అద్దంతో మూసి ఉన్న పెట్టె ఇది. డైరెక్ట్ వెంట్ రకంలో పాత గొట్టం లోపలినుంచే రెండు సన్నని గొట్టాలు దింపుతారు. ఒకటి బయటి గాలి తెస్తుంది, ఇంకొకటి వాడిన గాలిని బయటికి పంపుతుంది. గదిలో గాలితో దానికి పని లేదు. ఖర్చు ఎక్కువే అయినా గది నిజంగా వెచ్చగా ఉండాలంటే నా సలహా ఇదే.

మూడోది గొట్టం అక్కర్లేని రకం. మండగా వచ్చిందంతా గదిలోకే వస్తుంది, తేమతో సహా. కొన్ని చోట్ల దీనికి అనుమతే లేదు. నేనైతే పడుకునే ఇంట్లో దీన్ని పెట్టమని ఎవరికీ చెప్పను.

3. కొలతలు, గ్యాస్ రకం

పొయ్యి ముందు వెడల్పు, వెనక వెడల్పు, ఎత్తు, లోతు నాలుగూ రాసుకోండి. సాధారణంగా వెనక్కి వెళ్లేకొద్దీ ఇరుకవుతుంది, ముందు కొలత ఒక్కటే నమ్ముకుంటే పెట్టె పట్టదు.

తర్వాత మీకొచ్చేది పైపులో సహజవాయువా, ట్యాంకులో ప్రొపేనా చూసుకోండి. అంతే పరిమాణం ప్రొపేన్ మండితే సహజవాయువు కంటే దాదాపు 2.5 రెట్లు వేడి వస్తుంది. అందుకే ఒకదానికి చేసిన బర్నర్ రెండోదానికి అలాగే వాడకూడదు. ఇంకో తేడా ఉంది. సహజవాయువు గాలికంటే తేలిక కాబట్టి పైకి పోతుంది. ప్రొపేన్ బరువు, లీకైతే నేలమీదే పేరుకుంటుంది.

4. గ్యాస్ లైన్

ఈ పని మాత్రం మీరు చేయొద్దు. లైసెన్స్ ఉన్న గ్యాస్ ఫిట్టర్‌ని పిలవండి, అనుమతి, తనిఖీ అవసరమైన చోట తప్పకుండా చేయించండి. చేతికందేంత దగ్గరలో షటాఫ్ వాల్వ్ ఉండాలని గట్టిగా చెప్పండి. పని అయ్యాక జాయింట్లన్నిటికీ సబ్బు నురగ పూయించి, పక్కనే కూర్చుని చూడండి. నురగ కదలకుండా ఉంటే సరే. ఎక్కడైనా చిన్న బుడగ మెల్లగా ఉబ్బుతూ పోతోందంటే అక్కడ లీకు ఉన్నట్టే. అగ్గిపుల్లతో మాత్రం పరీక్షించొద్దు.

5. అమర్చడం

దుంగల సెట్ అయితే పొగగొట్టానికుండే డ్యాంపర్ మూత పూర్తిగా మూసుకోకుండా ఒక క్లిప్పు బిగిస్తారు. అది మర్చిపోతే వాడిన గాలి గదిలోకి తిరిగొస్తుంది. దుంగల్ని మాన్యువల్లో బొమ్మ ఎలా ఉందో అలాగే పేర్చండి. మంట నేరుగా దుంగకు తగిలితే మసి పడుతుంది, మంట సరిగ్గా మండదు.

6. మొదటి మంట

కిటికీలు తెరిచి వెలిగించండి. కొత్త పెయింట్ కాలి మొదటి కొన్ని గంటలు వాసన వస్తుంది, టెన్షన్ పడక్కర్లేదు. గ్యాస్ వాసన వస్తే మాత్రం స్విచ్‌లు ముట్టుకోకుండా బయటికెళ్లి, అక్కడినుంచి గ్యాస్ కంపెనీకి ఫోన్ చేయండి.

తెరిచి ఉండే దుంగల సెట్ అయితే కొన్ని నిమిషాలు మండనిచ్చి, వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా వేసి, పొయ్యి నోటి పైఅంచు దగ్గర అగరుబత్తీ పట్టుకోండి. దాని పొగ లోపలికి లాగబడాలి. గదిలోకి వస్తుంటే వెంటనే ఆపేసి ఫిట్టర్‌ని పిలవండి.

పడకగదుల దగ్గర, ప్రతి అంతస్తులో కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టండి. ఇన్‌సర్ట్ అద్దం చేయి కాలేంత వేడెక్కుతుంది, చిన్నపిల్లలుంటే జాలీ తప్పనిసరి. ఏడాదికోసారి సర్వీసింగ్ చేయించండి.

ఇన్‌సర్ట్‌తో పాటు ఒక చిన్న లోహపు ఫలకం వస్తుంది. ఈ పొయ్యిని మార్చారు, నిపుణులు చూడకుండా మళ్లీ కట్టెలు కాల్చొద్దు అని దానిమీద ఉంటుంది. దాన్ని పొయ్యి లోపల గోడకు బిగించండి. రేపు ఇల్లు ఎవరి చేతికి వెళ్లినా, ఇన్‌సర్ట్ తీయగానే వాళ్లకి ముందు అదే కనబడుతుంది.