క్రాంక్ కొనే ముందు బాటమ్ బ్రాకెట్ విషయంలో తీసుకోవాల్సిన జాగ్రత్తలు

ఫ్రేమ్ ఒకచోట, విడిభాగాలు మరోచోట కొని రోడ్ సైకిల్ కూర్చుకునేటప్పుడు గేర్లూ బ్రేకులూ కొంతవరకు సర్దుబాటుకు లొంగుతాయి గాని, పెడళ్ల ఇరుసు తిరిగే బేరింగుల భాగమైన బాటమ్ బ్రాకెట్ లొంగదు. అమెరికా నుంచి వచ్చే బంధువుల చేత ఫ్రేమ్ తెప్పించుకున్నవారికి తిప్పి పంపే వీలు కూడా అంతగా ఉండదు కనుక, క్రాంక్‌కు (పెడళ్లు బిగించే చేతులూ, వాటిని కలిపే ఇరుసూ) డబ్బు కట్టకముందే వెర్నియర్ కాలిపర్‌తో షెల్ (ఫ్రేమ్ అడుగున బాటమ్ బ్రాకెట్ కూర్చునే గొట్టం) వెడల్పునూ లోపలి వ్యాసాన్నీ కొలవాలి. అంచున రంగు పేరుకుని ఉంటే వెడల్పు కొలత ఎక్కువ చూపుతుంది. ముందు దాన్ని శుభ్రం చేయాలి.

మరలున్న షెల్ వెడల్పు 68 మి.మీ. అయితే అది చాలావరకు బీఎస్‌ఏ (బ్రిటిష్ మరల పద్ధతి), 70 అయితే ఇటాలియన్. అయితే పాత ఫ్రెంచి ఫ్రేములూ 68 మి.మీ. వెడల్పుతోనే ఉండేవి కాబట్టి, పాత ఉక్కు ఫ్రేమ్ కొన్నవారు వెడల్పు చూసి ఆగిపోకూడదు. చెయిన్ వైపు కప్పు (బేరింగును పట్టి ఉంచే గిన్నె) బీఎస్‌ఏలో గడియారపు ముల్లు తిరిగే దిశలో తిప్పితే ఊడుతుంది. ఇటాలియన్‌లోనూ ఫ్రెంచిలోనూ దానికి ఎదురు దిశలో ఊడుతుంది. ఇది తెలుసుకోకుండా పొడవాటి పానాతో బలం ప్రయోగిస్తే, విప్పుతున్నామనుకుంటూ మరింత బిగించి మరలు పాడుచేసుకుంటాం.

మరలు లేకుండా కప్పులను నొక్కి ఎక్కించే ప్రెస్‌ఫిట్ షెల్‌లో చిక్కు ఇంకా ఎక్కువ. బీబీ86, బీబీ386 ఈవో అనే రెండు రకాల షెల్‌ల వెడల్పూ 86.5 మి.మీ.; లోపలి వ్యాసం మాత్రం మొదటిదానికి 41, రెండవదానికి 46. అలాగే 68 మి.మీ. వెడల్పులో బీబీ30కి 42, పీఎఫ్30కి 46 ఉంటుంది. అమ్మేవారు ‘ప్రెస్‌ఫిట్’ అని మాత్రమే రాస్తే ఆ మాటను నమ్మి కొనకండి, రెండు అంకెలూ అడగండి.

ఆపై క్రాంక్ ఇరుసు చూడాలి. షిమానో కంపెనీ హాలోటెక్ 2 ఇరుసు వ్యాసం 24 మి.మీ., స్రామ్ కంపెనీ డబ్ ఇరుసుది 28.99, ఇతరులవి చాలావరకు 30. బీబీ86 షెల్‌లో 30 మి.మీ. ఇరుసు పెడితే ఒక్కో పక్క మిగిలేది 5.5 మి.మీ. మాత్రమే, ఆ ఇరుకులోనే కప్పు గోడా బేరింగూ ఇమడాలి కాబట్టి చిన్న గుళ్లు వాడక తప్పదు. చిన్న గుళ్లు నీళ్లకూ బురదకూ త్వరగా పాడవుతాయి కనుక, వానాకాలంలోనూ తొక్కేవారు అటువంటి ఫ్రేమ్‌కు 24 మి.మీ. ఇరుసునే ఎంచుకోవడం మేలని నా అభిప్రాయం. చాలామంది మరచిపోయేది ఇరుసు పొడవు: 68 మి.మీ. షెల్ కోసం చేసిన బీబీ30 క్రాంక్ 86.5 మి.మీ. షెల్‌కు అందదు. 386 ఈవో క్రాంక్‌ను మాత్రం తగిన స్పేసర్లతో (ఖాళీ నింపే రింగులతో) 68 మి.మీ. షెల్‌లో బిగించవచ్చు.

బిగించే రోజున మరలకు గ్రీజు రాసి, మొదటి కొన్ని చుట్లు చేత్తోనే తిప్పాలి. చేతికి లొంగకపోతే పానా పట్టకుండా మరల దిశను మళ్లీ చూసుకోవాలి. బిగింపు బలం (టార్క్) హాలోటెక్ 2 కప్పులకు 35 నుంచి 50 న్యూటన్ మీటర్లు, ఎడమ క్రాంక్ చేతికున్న రెండు బోల్టులకు 12 నుంచి 14 సరిపోతుంది. ఆ బోల్టులను ఒకదాని తర్వాత ఒకటిగా కొద్దికొద్దిగా బిగించాలి. ప్రెస్‌ఫిట్ కప్పులను, ముఖ్యంగా కార్బన్ ఫ్రేమ్‌లో, సుత్తితో కొట్టకుండా బేరింగ్ ప్రెస్‌తో నిటారుగా ఎక్కించాలి. ఆ పరికరం లేకపోతే ఆ ఒక్క పనికి మెకానిక్ దగ్గరకు తీసుకెళ్లండి.