అలాస్కా చమురు డివిడెండ్‌: దరఖాస్తు ఎలా, ఎక్కడ ఆగిపోతుంది

చమురు, ఖనిజాల మీద అమెరికాలోని అలాస్కా రాష్ట్రానికి వచ్చే రాయల్టీలో కనీసం 25 శాతం శాశ్వత నిధిలో వేయాలని 1976లో రాజ్యాంగ సవరణ చేశారు. ఆ నిధిలోని అసలు సొమ్మును కదపరు. దాని రాబడిలోంచి 1982 నుంచి ఏటా నివాసులకు డివిడెండ్‌గా పంచుతున్నారు. మొత్తాన్ని శాసనసభ తేలుస్తుంది: 2022లో తలకు 3,284 డాలర్లు, మరుసటి ఏడాది 1,312. అందుకే చేతికి రాకముందే ఈ డబ్బును నమ్ముకుని అప్పు చేయొద్దు.

దరఖాస్తు గడువు జనవరి 1 నుంచి మార్చి 31 వరకే. రాష్ట్ర ప్రభుత్వ వెబ్‌సైట్‌ మైఅలాస్కాలో ఖాతాతో ఆన్‌లైన్‌లో నింపడం తేలిక. చివర్లో ధ్రువీకరణ పేజీ కనిపించాలి, లేకుంటే దరఖాస్తు చేరనట్టే. ఆ పేజీని దాచుకోండి. పోస్టులో పంపితే రసీదు తీసుకోండి.

అంతకుముందు క్యాలెండర్ సంవత్సరం మొత్తం అలాస్కా నివాసి అయి ఉండాలి. 2024 ఫిబ్రవరిలో వచ్చి స్థిరపడినవారు 2026లోనే మొదటిసారి దరఖాస్తు చేయగలరు. గ్రీన్‌కార్డు ఉన్నవారూ అర్హులే.

ఎక్కువమందికి చిక్కొచ్చేది బయట గడిపిన రోజుల దగ్గరే. మామూలు ప్రయాణాలైతే ఏడాదికి 180 రోజులు దాటకూడదు. ఫుల్‌టైమ్ చదువుకో వైద్యానికో వెళ్తే ఆ రోజులు పక్కన పెడతారు, కానీ మిగతా ప్రయాణాలకు పరిమితి తగ్గిపోతుంది: చదువుకు వెళ్లినవారికి 120, వైద్యానికి వెళ్లినవారికి 45. కాలేజీకని 200 రోజులు, సెలవులకని మరో 100 రోజులు బయట ఉన్న విద్యార్థికి ఈ లెక్కలో ఇబ్బంది లేదు. వైద్యానికి 200 రోజులు వెళ్లి, మరో 100 రోజులు విహారానికి తిరిగినవారికి రాదు. గత రెండేళ్లలో ఒక్కసారైనా వరుసగా 72 గంటలు అలాస్కాలో ఉండాలి కూడా. బోర్డింగ్ పాసులు పారేయకండి, తేదీలకు అవే రుజువు.

ఇంకో రాష్ట్రంలో అక్కడి నివాసిగా కాలేజీ ఫీజు రాయితీ పొందితే ఇక్కడి హక్కు పోతుంది. చాలామంది ఇది ఆలోచించకుండానే చేసేస్తారు.

పిల్లల తరఫున అమ్మో నాన్నో వేయాలి. దరఖాస్తుకు ముందటి ఏడాది డిసెంబరు 31 లోపు పుట్టిన బిడ్డకూ వర్తిస్తుంది. ఎవరూ వేయకపోతే, 18 నిండాక 20 రాకముందు ఆ పిల్లలే పాత ఏళ్లవి అడగొచ్చు.

ఈ డబ్బుకు ఫెడరల్ ఆదాయపన్ను ఉంది, పిల్లలదానికీ. తిరస్కరిస్తే నోటీసులో ఇచ్చిన గడువులోపు 25 డాలర్ల రుసుముతో అప్పీలు చేయండి. గెలిస్తే రుసుము తిరిగిస్తారు.