ఇంట్లో కరెంటు, నీళ్లు, ఆహారం వృథా కాకుండా చూసుకోవడం ఎలా?

పర్యావరణానికి మేలు చేయాలన్న కోరిక ఉన్న చాలా ఇళ్లలో ఆ ప్రయత్నం గుడ్డ సంచితో మొదలై, గుడ్డ సంచి దగ్గరే ఆగిపోతుంది. సంచి మంచిదే. అయితే నీళ్లు కాచడం, గదిని చల్లబరచడం లేదా వెచ్చగా ఉంచడం, వంట చేయడం, తినకుండా పారేసిన ఆహారం అనే వాటి ముందు ఆ సంచి వల్ల కలిగే ఆదా చాలా చిన్నది కాబట్టి, ముందుగా దృష్టి పెట్టవలసింది వీటి మీద. కింది పనులన్నీ ఒకే రోజు తలకెత్తుకోకుండా, ఒక్కొక్కటి ఇంట్లో అందరికీ అలవాటయ్యాక తరువాతిది మొదలుపెడితే మధ్యలో వదిలేసే పరిస్థితి రాదు.

మొదటి పని: ఒక వారం పాటు కొలిచి రాసుకోండి

ప్రతిరోజూ ఒకే సమయానికి కరెంటు మీటరు రీడింగును, నీటి మీటరు ఉంటే దాని రీడింగును ఒక పుస్తకంలో రాయండి. ఒక యూనిట్ అంటే 1,000 వాట్ల పరికరం గంట సేపు పనిచేస్తే ఖర్చయ్యే విద్యుత్తు. ఇది గుర్తుంటే, ఏ పరికరం మీదనైనా ముద్రించి ఉండే వాట్ల సంఖ్యను చూసి అది రోజుకు సుమారుగా ఎంత వాడుతోందో మీరే లెక్క వేసుకోవచ్చు.

రాత్రి పడుకునే ముందు ఒకసారి, తెల్లవారి లేవగానే మరోసారి రీడింగు తీసుకుంటే ఇంకో సంగతి తెలుస్తుంది. అందరూ నిద్రపోతున్న ఆ గంటల్లో ఫ్రిజ్, ఫ్యాను కాక మరేదో కరెంటు తింటున్నట్టు కనిపిస్తే, అది ప్లగ్గులోనే ఉండిపోయిన టీవీ పెట్టె, ప్రింటరు, స్పీకర్ల వంటిదై ఉండవచ్చు. రిమోట్‌తో ఆపినా 5 వాట్లు లాగుతూ ఉండే పరికరం ఏడాది పొడుగునా అలాగే ఉంటే దాదాపు 44 యూనిట్లు ఖర్చవుతాయి. స్విచ్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డుకు వీటన్నిటినీ కలిపి, రాత్రి ఒక్క మీటతో ఆపేయవచ్చు. ఆ తరువాత వచ్చిన మార్పును చూసేటప్పుడు నిరుటి ఇదే నెల బిల్లుతో పోల్చుకోవాలి. కాలం మారితే వాడకమూ మారుతుంది కనుక పోయిన నెలతో పోల్చడం సరికాదు.

రెండో పని: వేడికీ చల్లదనానికీ అయ్యే ఖర్చు తగ్గించండి

20 లీటర్ల నీటిని 30 డిగ్రీల మేర వేడి చేయడానికి దాదాపు 0.7 యూనిట్ కావాలి. అదే విద్యుత్తుతో 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు 75 గంటలకు పైగా వెలుగుతుంది. గదిలోంచి బయటికి వస్తూ దీపం ఆపడం మంచి అలవాటే కానీ, గీజరు గంటల తరబడి ఆన్‌లో ఉన్న ఇంట్లో ఆ దీపం వల్ల మిగిలేది ఏమంత ఉండదు. స్నానానికి కాస్త ముందు గీజరు వేసి, పని కాగానే ఆపేయడం, ఒకరి తరువాత ఒకరు వెంటవెంటనే స్నానాలు ముగించడం ఇంట్లో అందరూ కలిసి పెట్టుకోదగ్గ మొదటి నియమం.

ఏసీ ఉన్నవారు దాన్ని రెండు మూడు డిగ్రీలు పెంచి, తోడుగా ఫ్యాను వేసుకుంటే ఒంటికి అంతే హాయిగా ఉంటుంది. ఫ్యాను గదిని చల్లబరచదు, ఒంటిమీది చెమటను ఆరబెడుతుంది అంతే. కాబట్టి మనుషులు లేని గదిలో అది తిరగడం పూర్తిగా దండగ. ఎండ కిటికీ అద్దం దాటి లోపలికి వచ్చాక తెర వేయడం కన్నా, బయటే నీడ కల్పించడం ఎక్కువ పని చేస్తుంది.

ఫ్రిజ్ లోపల 4 డిగ్రీల సెల్సియస్, ఫ్రీజరులో మైనస్ 18 డిగ్రీలు ఉంటే సరిపోతుంది. తలుపు మధ్య ఒక కాగితం పెట్టి మూసి, మెల్లగా లాగి చూడండి. పట్టు లేకుండా జారి వచ్చేస్తే తలుపు రబ్బరు వదులైనట్టు. ముందు తుడిచి చూసి, అప్పటికీ పట్టకపోతే రబ్బరు మార్పించాలి.

వంటలో గుర్తుంచుకోవలసింది ఒక్కటే. మరుగుతున్న నీళ్ల కింద మంట ఎంత పెంచినా ఆ నీళ్ల వేడి పెరగదు, ఆవిరి మాత్రమే ఎక్కువగా పోతుంది. కాబట్టి మరుగు రాగానే మంట తగ్గించి మూత పెట్టాలి. ప్రెషర్ కుక్కరులో నీరు సుమారు 120 డిగ్రీల దాకా వేడెక్కుతుంది కనుక పదార్థం త్వరగా ఉడుకుతుంది. గింజలను ముందే నానబెడితే ఇంకా త్వరగా పని అవుతుంది.

మూడో పని: కారే నీటిని పట్టుకోండి

చుక్కచుక్కగా కారే కొళాయి కింద ఒక గ్లాసు పెట్టండి. 250 మిల్లీలీటర్ల గ్లాసు పావుగంటలో నిండితే రోజుకు 24 లీటర్లు పోతున్నట్టు. చాలా సందర్భాల్లో కొళాయి లోపలి వాషరు మారిస్తే చాలు. టాయిలెట్ ఫ్లష్ ట్యాంకు కారుతుంటే చప్పుడు కూడా వినిపించకపోవచ్చు. ట్యాంకులో కొన్ని చుక్కల వంట రంగు వేసి, ఫ్లష్ చేయకుండా అరగంట ఆగండి. కింద కమోడులోకి రంగు దిగితే లోపలి రబ్బరు మూత సరిగా పట్టడం లేదని అర్థం.

నాలుగో పని: ఏం పారేస్తున్నారో రాసుకోండి

ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం అంచనా ప్రకారం 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో దాదాపు 60 శాతం ఇళ్లలోనే పోయింది. ఫ్రిజ్ తలుపుకు ఒక కాగితం అంటించి, పారేసిన ప్రతిదాని పేరూ, పక్కన కారణమూ రాయండి: ఎక్కువ వండాం, పాడైంది, ఉన్న సంగతే మరిచిపోయాం. మా ఇంట్లో మూడో కారణమే ఎక్కువగా కనిపించింది. లోపలి మూలల్లోకి జరిగిపోయినవాటిని రోజూ ముందు అరలోకి తెచ్చి, ‘మొదట ఇవి’ అన్న చీటీ ఉన్న ఒక డబ్బాలో పెట్టడంతో ఆ జాబితా సగానికి తగ్గింది. పొట్లాల మీది తేదీలను చదివేటప్పుడు కూడా తేడా గమనించాలి. కొన్ని తేదీలు రుచి, నాణ్యత తగ్గవచ్చని మాత్రమే చెబుతాయి. మరికొన్ని ఆ తరువాత తినడం ప్రమాదమని చెబుతాయి. రెండో రకాన్ని మాత్రం తప్పక పాటించాలి.

ఐదో పని: తడి చెత్తను ఎరువుగా మార్చండి

చెత్తకుప్పల అడుగున గాలి ఆడనిచోట కుళ్లిన తడి చెత్త మీథేన్‌ను విడుదల చేస్తుంది. వందేళ్ల కాలాన్ని లెక్కలోకి తీసుకుంటే, ఈ వాయువు అంతే బరువున్న కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 28 రెట్లు ఎక్కువగా వేడిని పట్టి ఉంచుతుంది. అదే చెత్త ఇంట్లో గాలి తగిలేలా మాగితే, మొక్కలకు పనికొచ్చే ఎరువు అవుతుంది.

మూత ఉన్న రెండు డ్రమ్ములు తీసుకుని, పక్కలకూ అడుగుకూ రంధ్రాలు పెట్టండి. ఒకటి నిండి మాగుతుంటే రెండోది వాడుకోవడానికి ఉంటుంది. అడుగున ఎండు పుల్లలు పరిచి, కూరగాయల తొక్కలు ఒక గిన్నెడు వేసిన ప్రతిసారీ ఎండుటాకులు, చింపిన అట్టముక్కలు రెండు మూడు గిన్నెలు వేయాలి. చెత్తను కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు నత్రజని ఒక పాలు దొరికితే కార్బన్ 25 నుంచి 30 పాళ్లు కావాలి. తొక్కల్లో మొదటిది, ఎండుటాకుల్లో రెండోది ఎక్కువగా ఉంటాయి. వారానికి రెండుసార్లు అడుగు నుంచి కలపాలి.

ఈ ఎండు పదార్థాన్ని నేను మొదట్లో అంతగా పట్టించుకోలేదు. పది రోజుల పాటు తొక్కలే వేసి, గట్టిగా మూత పెట్టాను. తెరిచేసరికి అడుగున నల్లటి బురద, ముక్కు మూసుకోవలసిన వాసన. అదంతా పాత న్యూస్‌పేపర్ల మీద కుమ్మరించి, రెండు బకెట్ల నలిపిన ఆకులు కలిపి తిరిగి నింపాను. నాలుగు రోజుల్లో వాసన పోయింది. ఆ తరువాతి వారం మధ్యలో చెయ్యి పెడితే గోరువెచ్చగా తగిలింది. దుర్వాసన వస్తోందంటే తడి ఎక్కువై గాలి ఆడడం లేదన్నమాట. గుప్పెడు తీసి పిండి చూడండి. ఒకటి రెండు చుక్కలు రాలితే తేమ సరిగ్గా ఉన్నట్టు, ధారగా కారితే ఆకులు కలపాలి, పొడిగా రాలిపోతే నీళ్లు చిలకరించాలి. చిన్న ఈగలు ముసిరితే పైన ఒక పొర ఎండుటాకులు కప్పితే చాలు. మాంసం, పాల పదార్థాలు, నూనె వంటకాలు, పెంపుడు జంతువుల మలం ఇందులో వేయకూడదు.

డ్రమ్ము నిండాక రెండు మూడు నెలలకు అది ముదురు గోధుమరంగు పొడిలా మారి, తొలకరి వానకు తడిసిన మట్టి వాసన వస్తుంది. తొక్కల ఆనవాళ్లు ఇంకా కనిపిస్తుంటే జల్లెడ పట్టి, మిగిలినవాటిని రెండో డ్రమ్ములో వేయండి.

ఆరో పని: కొనేముందు బాగుచేయించండి, ప్రమాదకరమైనవి విడిగా పెట్టండి

వస్తువు తయారీకే చాలా వనరులు ఖర్చవుతాయి కనుక, బాగున్న వస్తువును పక్కన పెట్టి పర్యావరణహితమైనదన్న పేరుతో కొత్తది కొనడం చాలా సందర్భాల్లో నష్టమే. పాత ఏసీ, ఫ్రిజ్‌లను వదిలించుకునేటప్పుడు లోపల చల్లదనం కోసం నింపిన వాయువును గాలిలోకి వదలకుండా తన దగ్గరున్న పరికరంలోకి పట్టే మెకానిక్‌నే పిలవాలి. సీఎఫ్‌ఎల్ బల్బుల్లో పాదరసం ఉంటుంది. లిథియం బ్యాటరీలు నలిగితే మంటలు పుట్టవచ్చు. అందుకే వీటిని మామూలు చెత్తలో కలపకుండా, బ్యాటరీ కొసలకు టేపు అంటించి ఒక డబ్బాలో దాచి, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు సేకరించేవారికి అప్పగించాలి.