తొలకరికి ముందు: గరువులో ట్రాక్టరు ఎటు తోలిస్తున్నారు?

పోయిన శనివారం సాయంత్రం గట్టిగా గంటసేపు కురిసిందేమో వాన. విజయనగరం జిల్లా గంట్యాడ మండలంలో మా పక్క ఊరి గరువులో, అంటే వాలున్న మెట్ట నేలలో, ఒకాయన చేను నడుమ మోకాలి లోతు గాడి పడిపోయింది. అంతకు రెండు రోజుల ముందే రెండు దుక్కులు దున్నించి, పైన రోటవేటరు కూడా వేయించాడు. వేరుశనగకి మట్టి పిండిలా తయారైందని సంబరపడ్డాడు. పొద్దున వెళ్ళి చూస్తే ఎగువన గులకరాళ్ళు తేలి ఉన్నాయి, దిగువన వాళ్ళ బావ వరిమడిలో ఎర్రమట్టి మేట వేసింది. ఇంకా మృగశిర కార్తె కూడా రాలేదు.

విత్తనశుద్ధి, ఎరువుల మోతాదు అందరూ చెప్పేవే, వదిలేస్తున్నాను. నేను చూసినంతలో గరువు రైతును ముంచేది ఒకటే తప్పు: వాలు వెంబడి దున్నించడం.

ఎందుకు చేస్తారో నాకూ తెలుసు. అన్నదమ్ములు పంచుకునేటప్పుడు ఎగువ నేల, దిగువ నేల అందరికీ రావాలని పైనుంచి కిందికి పొడుగ్గా చీలుస్తారు. ముప్పై అడుగుల వెడల్పు ముక్కలో అడ్డంగా తోలమంటే డ్రైవరు ఒప్పుకోడు. "తిప్పుళ్ళకే డీజిలంతా అయిపోద్ది మావా" అంటాడు. అతని లెక్క అతనిది. కానీ వాలుకు తీసిన ప్రతి చాలూ ఒక కాలువే. నీళ్ళ వేగం రెట్టింపైతే మట్టిని తోసే బలం నాలుగింతలవుతుంది. ఎకరంలో ఒక్క మిల్లీమీటరు మందం మట్టి పోతే అది సుమారు 6 టన్నులు, అంటే సుమారు రెండు ట్రాక్టరు ట్రక్కులు. మిల్లీమీటరు పోయిందని కంటికి ఆనదు. పోయేది కూడా మీరు వేసిన గెత్తం (పశువుల ఎరువు), డీఏపీ కలిసిన పైమట్టే.

అన్నదమ్ములు మాట్లాడుకోండి. నాలుగు ముక్కలూ ఒకే రోజు, ఒకే ట్రాక్టరుతో, గట్ల దగ్గర నాగలి ఎత్తి, దాటాక మళ్ళీ దించుకుంటూ అడ్డంగా తోలించుకోవచ్చు. అదీ కుదరకపోతే ఆఖరి దుక్కి ఒక్కటైనా ఎడ్లతో అడ్డంగా వేయండి. ఒక్క మాట: వాలు బాగా ఎక్కువున్న కొండవార చేలో అడ్డంగా ట్రాక్టరు దించొద్దు, పక్కకి బోల్తా పడుతుంది. అక్కడ ఎడ్లే, లేదా జీడిమామిడి వేసి దుక్కే మానేయండి.

అడ్డం అంటే ఎటో కంటితో చూసి చెప్పలేం. తాపీమేస్త్రీ దగ్గరుండే లెవెల్ పైపు అడిగి తెచ్చుకోండి. రెండు సమానమైన కర్రలకి రెండు కొసలూ కట్టి, నీళ్ళు పోసి, ఒకరు కదలకుండా నిలబడాలి. రెండోవారు పది అడుగులు నడిచి, రెండు కర్రల మీదా నీళ్ళు ఒకే ఎత్తుకి వచ్చేదాకా పైకీ కిందికీ జరగాలి. వచ్చిన చోట సున్నం వేయండి. ఆ సున్నం గీతే ట్రాక్టరు దారి. ఎకరానికి ఒక పూట పని.

మట్టి ఎంత వదులుగా ఉందో తెలుసుకోవాలంటే చేలోంచి ఒక ఎండు మట్టిపెడ్డ, మామిడి చెట్టు కిందనుంచి ఒకటి తెచ్చి రెండు గాజుగ్లాసుల నీళ్ళలో వేయండి. మాది చేలో పెడ్డ నిమిషంలోపే కరిగి అడుక్కి పోయింది, చెట్టు కిందది అలాగే నిలబడింది. ఆకు కుళ్ళిన జిగురు చేసే పని అది. మట్టి పరీక్ష చేసి ఇచ్చే సాయిల్ హెల్త్ కార్డులో సేంద్రియ కర్బనం (ఆ కుళ్ళిన ఆకు, గెత్తం పాలు) 0.5 శాతం లోపుంటే తక్కువ కిందే లెక్క. అలాంటి నేలకి రోటవేటరు వేయించడం వానకి పిండి కలిపి ఇవ్వడమే.

ఇక మిగతావి, గుర్తొచ్చినట్టు రాస్తున్నాను.

నేలని బోసిగా ఉంచకండి. పెద్ద చినుకు గంటకు సుమారు 30 కిలోమీటర్ల వేగంతో పడుతుంది. జనుమో, పిల్లిపెసరో, నవధాన్యాలో, ఏదో ఒక పచ్చ ఉండాలి.

గట్టు మీద గడ్డి చెక్కొద్దు. గడ్డిమందు అసలే కొట్టొద్దు.

ఏటా జానెడు చొప్పున గట్టుని దున్ని తినొద్దు.

గట్టుకి నీళ్ళు పోయే దారి వదిలి, అక్కడ రాళ్ళు పేర్చండి. దారి లేని గట్టు తెగుతుంది.

గాడి పడితే మట్టి పోసి పూడ్చొద్దు, ఆ మట్టీ పోతుంది. పైనుంచి మొదలుపెట్టి అడ్డంగా రాళ్ళు పేర్చుకుంటూ రండి. నడుమ కాస్త పల్లంగా ఉంచకపోతే నీళ్ళు పక్కనుంచి కోసుకుపోతాయి.

చోడి (రాగి) కోసాక మోళ్ళు తగలబెట్టొద్దు. హుద్‌హుద్ తుఫాను వచ్చింది 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న. పంట తీసిన చేను అప్పుడు బోసిగా ఉంటే జూన్ వానలకి పోగా మిగిలిన మట్టి కూడా పోతుంది.

ఇటుక బట్టీకి పైమట్టి అమ్మొద్దు.

చెరువు మట్టి తోలుకోండి, మంచిదే. వాలుకు దున్నే చేలో మాత్రం వద్దు, మళ్ళీ ఆ చెరువుకే పోతుంది, కిరాయి దండగ.

వాలు వెంబడి దున్నొద్దు. పక్క చేనాయన దున్నించాడని అసలే వద్దు.

ట్రాక్టరుకి ఫోన్ చేసినప్పుడే అడ్డంగా తోలాలని చెప్పి, తిప్పుళ్ళకి ఎంత ఎక్కువ తీసుకుంటాడో మాట్లాడేసుకోండి. చేలో దిగాక చెప్తే వినడు.