ఇంటి సౌర విద్యుత్తు, 4వ పాఠం: బ్యాటరీ ఎంత ఉండాలి?

గత పాఠంలో కరెంటు తీగ చేరని ఒక ఇంటి వాడకం లెక్క కట్టాం. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు నాలుగు, 5 గంటలు. తక్కువ కరెంటుతో తిరిగే 28 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు రెండు, 10 గంటలు. 40 వాట్ల టీవీ 3 గంటలు. ఫోన్లకు మరో 20 వాట్-అవర్లు (వాట్లను గంటలతో గుణిస్తే వచ్చేది). రోజుకు మొత్తం 880 వాట్-అవర్లు. ఇన్వర్టరు సామర్థ్యం 90 శాతం అనుకుంటే బ్యాటరీ నుంచి సుమారు 980 వాట్-అవర్లు తీయాలి. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి.

12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్లు, అంటే ఆంపియర్లను గంటలతో గుణిస్తే వచ్చేది) లెడ్ ఆసిడ్ బ్యాటరీని చూడండి. రెండు అంకెలూ గుణిస్తే 1800 వాట్-అవర్లు. దాదాపు రెండు రోజులకు వస్తుందని అనిపిస్తుంది. రాదు. ఈ రకం బ్యాటరీని రోజూ సగానికి మించి ఖాళీ చేస్తే దాని ఆయుష్షు వేగంగా తరిగిపోతుంది. అంటే మన చేతికొచ్చేది 900. ఒక్క రోజుకే చాలదు. ఈ పాఠంలో మరేది మరిచినా ఇది మరవకండి: పెట్టె మీది అంకెతో కాదు, అందులో మనం వాడుకోదగిన భాగంతో లెక్క వేయాలి.

ఇప్పుడు మబ్బుల సంగతి. ఎండ లేకుండా రెండు రోజులు గడవాలనుకుందాం. 980ని 2తో గుణిస్తే 1960, దాన్ని 0.5తో భాగిస్తే 3920 వాట్-అవర్లు. వ్యవస్థను 12కు బదులు 24 వోల్టులతో కడదాం. 24తో భాగిస్తే 163 ఏహెచ్. అంటే 12 వోల్టులవి, 180 ఏహెచ్‌వి రెండు బ్యాటరీలు, సిరీస్‌లో, అంటే ఒకదాని ప్లస్‌ను మరోదాని మైనస్‌కు కలిపి. అప్పుడు వోల్టులు కలిసి 24 అవుతాయి, ఏహెచ్ మాత్రం 180గానే ఉంటుంది. 12 వోల్టుల వ్యవస్థ ఎందుకు వద్దంటున్నానంటే, ఉదాహరణకు 400 వాట్లకు అక్కడ 33 ఆంపియర్లు పారితే 24 వోల్టుల దగ్గర 17తో సరిపోతుంది. కరెంటు సగమైతే అదే తీగలో నష్టం నాలుగో వంతుకు పడిపోతుంది.

లెడ్ ఆసిడ్‌కు బదులు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం బ్యాటరీ అయితే 80 శాతం వరకు నిశ్చింతగా వాడుకోవచ్చు. 1960ని 0.8తో భాగిస్తే 2450. 25.6 వోల్టుల 100 ఏహెచ్ బ్యాటరీ ఒక్కటి చాలు. పెట్టుబడికి వెసులుబాటు ఉంటే నేను దీన్నే ఎంచుకుంటాను.

'అనుమానం ఎందుకు, రెట్టింపు బ్యాటరీ పెట్టేద్దాం' అనుకునేవారు చాలామంది. దయచేసి అలా చేయకండి. లెడ్ ఆసిడ్ బ్యాటరీని ఎక్కువగా చంపేది అరకొర ఛార్జింగు. నిండా ఛార్జి కాకుండా రోజులు గడిస్తే ప్లేట్ల మీద సీసపు సల్ఫేటు గట్టిపడుతుంది, ఆ తర్వాత ఎంత ఎండ కాసినా ఆ భాగం మళ్లీ పనిచేయదు. చిన్న ప్యానెళ్లకు పెద్ద బ్యాటరీ తగిలిస్తే జరిగేది ఇదే. ఏహెచ్‌లో పదో వంతు కరెంటు అందేలా చూడండి: 180 ఏహెచ్‌కు 18 ఆంపియర్లు, ఛార్జింగు వోల్టేజి 28 దగ్గర అంటే దాదాపు 500 వాట్లు. ప్యానెల్ లెక్కకు వచ్చే పాఠంలో ఇక్కడి నుంచే బయలుదేరుతాం.

అంతలోగా ఒక అభ్యాసం. దగ్గరలో మూత తీయగలిగే లెడ్ ఆసిడ్ బ్యాటరీ ఉంటే, ఛార్జింగు ఆపి, వాడకం లేకుండా కొన్ని గంటలు వదిలేయండి. చేతికి రబ్బరు తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కాబట్టి దగ్గరలో నిప్పు ఉండకూడదు. ఒక సెల్ మూత విప్పి, హైడ్రోమీటరు (ఆమ్లం నీటికంటే ఎంత సాంద్రమో కొలిచే పరికరం) రబ్బరు బల్బు నొక్కి వదిలితే ఆమ్లం గాజు గొట్టంలోకి ఎక్కి, లోపలి తేలుడు కడ్డీ లేస్తుంది. అది గోడకు అంటుకోకుండా నిటారుగా పట్టుకుని, ద్రవమట్టం కంటికి ఎదురుగా ఉన్నప్పుడు అంకె చదవండి. నిండుగా ఛార్జి అయిన చాలా బ్యాటరీల్లో అది 1.24 నుంచి 1.28 మధ్య ఉంటుంది. ఆరు సెల్లులవీ వరుసగా రాసుకోండి. ఒక్కటి మిగతా వాటికంటే 0.03కు మించి తక్కువ చూపితే ఆ సెల్ నలతగా ఉన్నట్టే.

తర్వాత మీ ఇంటి వాడకంతో పై లెక్క మొత్తం మళ్లీ చేయండి. మబ్బు రోజులు ఒకటి, రెండు, మూడు అనుకుని మూడుసార్లు.