సీఈఓ అలవరచుకోవలసిన మొదటి గుణం: చెడు వార్తను వినగలగడం

సీఈఓ బాధ్యతలు చేపట్టినవారు దూరదృష్టి, వాక్చాతుర్యాల కంటే ముందు చెడు వార్తను కోపం తెచ్చుకోకుండా వినడం నేర్చుకోవాలి. హోదా పెరిగేకొద్దీ కింది నుంచి వచ్చే సమాచారం వడపోతకు గురవుతుంది కాబట్టి, నిజం తనదాకా వచ్చే దారిని సీఈఓ స్వయంగా ఏర్పరచుకోవలసిందే.

ఇందుకు అమెరికా కార్ల కంపెనీ ఫోర్డ్‌లో సీఈఓగా అలన్ ములాలీ అనుసరించిన పద్ధతి ఎంతో ఉపయోగపడుతుంది. 2006 సెప్టెంబరులో ఆయన విమానాల తయారీ సంస్థ బోయింగ్ నుంచి వచ్చేసరికి, ఆ ఏడాది వెయ్యి కోట్ల డాలర్లకు మించిన నష్టం వైపు ఫోర్డ్ సాగుతోంది. అయినా ఆయన ప్రారంభించిన గురువారం సమీక్షల్లో, పనుల స్థితిని ఆకుపచ్చ (సజావు), పసుపు (జాగ్రత్త), ఎరుపు (సమస్య) రంగులతో చూపమంటే, ఉన్నతాధికారులందరూ ఆకుపచ్చనే చూపుతూ వచ్చారు. చివరికి వారిలో ఒకరైన మార్క్ ఫీల్డ్స్ ఎడ్జ్ కారు విడుదలకు ఎరుపు పెట్టినప్పుడు, ములాలీ చప్పట్లు కొట్టి, ఈ సమస్యకు ఎవరు సాయపడగలరని మిగతావారిని అడిగారు. ఆ తర్వాతే ఇతరుల పట్టికల్లోనూ ఎరుపు, పసుపు కనిపించసాగాయి. 2014లో ములాలీ స్థానంలో సీఈఓ అయినది కూడా ఫీల్డ్సే.

మీ సంస్థ చిన్నదైనా వారంలో ఒకే రోజు, ఒకే వేళకు సమీక్ష పెట్టండి. ఎంత ఒత్తిడి ఉన్నా దాన్ని వాయిదా వేయకండి. విభాగాధిపతులే స్వయంగా నివేదించాలి. సమస్యను బయటపెట్టినవారిని నలుగురిలో నిలదీస్తే, మరుసటి వారం నుంచి మీకు అందేవి తీపి కబుర్లే.

వదులుకోవడం కూడా నేర్చుకోవాలి. ఫోర్డ్ పేరు మీదే దృష్టి నిలపడానికి ములాలీ సంస్థ చేతిలోని ఇతర కార్ల బ్రాండ్లైన ఆస్టన్ మార్టిన్‌ను, 2008లో జాగ్వార్ ల్యాండ్ రోవర్‌ను టాటాలకు, ఆపై వోల్వోను అమ్మేశారు. 2008 ఆర్థిక సంక్షోభం రాకముందే, 2006 చివర్లోనే ఆస్తులు తాకట్టు పెట్టి భారీ రుణం సమకూర్చుకోవడం వల్ల, 2009లో పోటీ కంపెనీలైన జనరల్ మోటార్స్ (జీఎం), క్రైస్లర్‌ల మాదిరిగా ఫోర్డ్ దివాలా తీయలేదు. నగదు నిల్వల లెక్కను ఆర్థికాధికారికి పూర్తిగా వదిలేయకూడదని నేను గట్టిగా చెప్పేది అందుకే.

తప్పు మీదైతే ఆ రోజే ఒప్పుకోండి. హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ సీఈఓ అయిన 2014లోనే, మహిళా ఉద్యోగుల జీతాల పెంపు గురించి ఒక వేదికపై పొరపాటుగా మాట్లాడి, తన జవాబు పూర్తిగా తప్పని అదే రోజు ఉద్యోగులకు రాశారు. అటువంటి లేఖలో సంజాయిషీకి చోటివ్వకుండా, ఇకపై ఏమి చేస్తారో మాత్రం స్పష్టంగా రాయండి.